ఎరువు బస్తా వెనక తెల్లకుప్ప

(గోదావరిఖనిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమ కాలంలో ఇదే గోదావరిఖని చౌరస్తాలో నిలబడి మనం ఒక ప్రశ్న అడిగినం. బొగ్గు మాది, నీళ్లు మావి, భూమి మాది. మరి కరెంటు ఎటు పోతున్నది? బూడిద మాత్రం మా ఇండ్ల మీద ఎందుకు పడుతున్నది? లాభం ఒకరికి, కుప్ప ఇంకొకరికా? 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం వచ్చింది గాని ఆ ప్రశ్నకు రిటైర్మెంటు రాలేదు. ఇయ్యాల అదే ప్రశ్నను నేను ఇంకో కుప్ప దగ్గర అడుగుదామని వచ్చిన. అది ఎరువుల ఫ్యాక్టరీల దగ్గర పెరిగే తెల్లకుప్ప. దాని పేరు ఫాస్ఫోజిప్సం. దాంతోని ఇండ్లు కట్టొచ్చు అంటున్నరు. నిజమే, కట్టొచ్చు. అయితే ఎవరి ఇండ్లు, ఎవరి లెక్క ప్రకారం, ఎవరికి పని దొరికేటట్టు కట్టాలె? నా మాట అంతా దీని చుట్టే.

బస్తా లెక్క

మనలో సగం మందిమి రైతుల బిడ్డలం. డీఏపీ బస్తా మొయ్యనోడు ఉండడు. ఆ బస్తా 50 కిలోలు. అందులో నూటికి 46 పాళ్లు భాస్వరం, అంటే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్కన 23 కిలోలు. ఈ భాస్వరం ఎట్ల వస్తది? రాక్ ఫాస్ఫేట్ అనే రాయిని పొడి చేసి గంధకామ్లంలో ఉడికిస్తరు. ఒకదిక్కు ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తది, ఇంకోదిక్కు కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం మిగులుతది. ఒక టన్ను భాస్వరానికి నాలుగున్నర నుంచి 5 టన్నుల జిప్సం. ఆ లెక్కన మన చేన్లో వేసే ఒక్క డీఏపీ బస్తా వెనక వంద కిలోల పైన తెల్లమన్ను ఎక్కడో ఒకచోట కుప్ప పడుతున్నది. బస్తా కంటే బస్తా చెత్త రెండింతలు!

ఆ కుప్ప యాడ ఉన్నది? మన దగ్గర కాదు. రాయి మొరాకో, జోర్డాన్, ఈజిప్టు లాంటి దేశాల నుంచి ఓడల మీద వస్తది కాబట్టి ఈ ఫ్యాక్టరీలు ఎక్కువగా సముద్రం ఒడ్డున పెట్టిండ్రు. విశాఖ, పారాదీప్, కొచ్చి, తూత్తుకుడి. విశాఖలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ 1967లోనే మొదలైంది. ఇగ తయారైన ఆమ్లాన్ని, తయారైన డీఏపీని బయటి దేశాల నుంచి తెచ్చుకుంటే కుప్ప ఆ దేశంలోనే మిగులుతది. పంట మనది, కుప్ప వాళ్లది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలె. విశాఖలో ఆ కుప్ప పక్క బస్తీల్లో బతికే కూలీ, మత్స్యకారుడు మనకు పరాయి కాదు. మన కొట్లాట ప్రాంతాన్ని వలస చేసుకున్న పాలకుల మీద, వనరులు దోచుకున్న పెట్టుబడి మీద. కుందనపల్లి బూడిద చెరువు పక్కన ఉండే మనిషికి దుమ్ము ఎట్లనో, తీరంలో ఆ బస్తీ మనిషికి జిప్సం అట్ల. కుప్ప కింద బతికేటోళ్లది ఒకటే కులం.

మన రామగుండం ఎఫ్‌సీఐ సంగతి వేరు. అది బొగ్గు నుంచి యూరియా తీసిన ఫ్యాక్టరీ. 1980లో ఉత్పత్తి మొదలైంది, 1999లో మూతపడ్డది. దాని జాగలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ గ్యాసుతో నడుస్తది, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. యూరియాకు రాక్ ఫాస్ఫేట్ అక్కరలేదు, కాబట్టి ఈ జిప్సం కుప్ప ఉండదు. మనకున్నది బూడిద కుప్ప. ఈ రెండు కుప్పలకు సంబంధం ఉన్నది. దాని దగ్గరికి వస్త.

చెత్త కాదు, సరుకు

గనిలో తవ్వి తీసే జిప్సం, ఫ్యాక్టరీలో మిగిలే జిప్సం, రెండూ రసాయనంగా ఒకటే. సిమెంటు తయారీలో చివరన నూటికి 3 నుంచి 5 పాళ్లు జిప్సం కలుపుతరు. కలపకపోతే నీళ్లు పోసిన నిమిషాల్లోనే సిమెంటు గట్టిపడిపోతది, మేస్త్రీ తాపీ ఎత్తే టైం కూడా ఉండదు. మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీలు ఈ ఎరువుల జిప్సంను ఎప్పటినుంచో కొంటున్నయి. అంటే దీన్ని మనం కొత్తగ ఇంట్లకు తెచ్చుకుంటున్నది ఏం కాదు. సిమెంటు బస్తాలో అది ఎప్పుడో వచ్చింది.

రెండోది, దాన్ని 120 నుంచి 160 డిగ్రీల వేడిలో కాలిస్తే నీరు కొంత ఇగిరిపోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితది. దాంతో సీలింగు బోర్డులు, గోడ దిమ్మెలు చేస్తరు. ఇందుకు ఐఎస్ 12679 అనే భారతీయ ప్రమాణం 1989లోనే వచ్చింది.

మూడోది, గాజు పోగులు కలిపి పోసే పెద్ద పలకలు. వాటిని జీఎఫ్‌ఆర్‌జీ ప్యానెళ్లు అంటరు. ఆస్ట్రేలియాలో పుట్టిన పద్ధతి. ఒక్కో పలక 12 మీటర్ల పొడుగు, 3 మీటర్ల ఎత్తు, 124 మిల్లీమీటర్ల మందం. లోపల బోలు. ఆ బోలులో చువ్వలు పెట్టి కాంక్రీటు పోస్తే గోడే స్తంభం లెక్క పనిచేస్తది. కొచ్చి దగ్గర అంబలమేడులో ఫ్యాక్ట్, ఆర్‌సీఎఫ్ అనే రెండు ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలు కలిసి ఈ పలకల ఫ్యాక్టరీ పెట్టినయి. 2013లో ఐఐటీ మద్రాసు తన ఆవరణలో ఈ పలకలతో రెండంతస్తుల్లో నాలుగు ఇండ్ల నమూనా భవనం నెల రోజుల్లో లేపింది.

నాలుగోది మనకు అన్నిటికంటే దగ్గరిది. విశాఖలో డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అనే ఇద్దరు 1990 ప్రాంతంలో ఫాల్-జీ అనే పద్ధతి తెచ్చిండ్రు. ఫ్లైయాష్, లైమ్, జిప్సం. బూడిద, సున్నం, జిప్సం. ఈ మూడు కలిపి అచ్చు పోసి నీళ్లతో తడిపితే ఇటుక గట్టిపడుతది. బట్టీ లేదు, పొగ లేదు. బూడిద, సున్నం రెండే కలిపితే గట్టిపడుతది గాని నిదానం. జిప్సం తోడైతే తొందరగ బలం వస్తది. ఈ పని చేసింది పెద్ద కంపెనీల ప్రయోగశాల కాదు. మన భాష మాట్లాడే ఇద్దరు పరిశోధకులు. అది గుర్తు పెట్టుకోవాలె.

అయితే తిరకాసు ఎక్కడ?

ఇంత మంచిదైతే కుప్ప ఎందుకు మిగిలింది? ప్రపంచంలో ఏటా పుట్టే ఫాస్ఫోజిప్సం 10 కోట్ల టన్నులకు తక్కువ కాదు. అందులో ఎక్కువ భాగం కుప్పల్లోనే ఉంటది. ఎందుకంటే అది జిప్సం ఒక్కటే కాదు. రాయిలో ఉన్న ఇతర గుణాలు దాన్ని అంటుకొని వస్తయి.

మొదటిది, కడగకుండ మిగిలిన ఫాస్ఫేటు, ఆమ్లం. ఇవి ఉంటే సిమెంటు గట్టిపడటం ఆలస్యమైతది, బలం తగ్గుతది. రెండోది ఫ్లోరైడ్. తమ్ముళ్లారా, ఫ్లోరైడ్ అంటే ఏమిటో నల్లగొండకు పాఠం చెప్పక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు వంకర్లు తిరిగిన ఎముకలను చూపించి మనం నీళ్ల ఉద్యమం చేసినం. అక్కడిది భూమిలో ఉన్న రాయి నుంచి నీళ్లలోకి వచ్చిన ఫ్లోరైడ్. జిప్సం కుప్పను అడుగున అడ్డు పొర లేకుండ నేల మీద పోస్తే వాన నీళ్లతో అదే ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగే ప్రమాదం ఉన్నది.

ఈ రెండింటికి మందు ఉన్నది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ దీని మీద ఏండ్ల తరబడి పనిచేసింది. నీళ్లతో కడిగి, 300 మైక్రాన్ల జల్లెడ పడితే పైన మిగిలే మొద్దు రవ్వలోనే మలినం ఎక్కువ ఉంటది. దాన్ని తీసేయాలె. మిగిలిన ఆమ్లాన్ని సున్నంతో విరగగొట్టాలె. ఇది రాకెట్ విద్య కాదు. కానీ కడగాలంటే నీళ్లు కావాలె, ఆ కడిగిన నీళ్లను మళ్లీ శుద్ధి చేయాలె. దానికి పైసలు అయితయి. ఆ పైసలు పెట్టేది ఎవరు? ఇక్కడనే కంపెనీలు తల పక్కకు తిప్పుకుంటయి.

మూడోది అన్నిటికంటే పెద్దది. రాక్ ఫాస్ఫేట్‌లో సహజంగానే కొంచెం యురేనియం, దాని నుంచి పుట్టిన రేడియం ఉంటయి. ఆమ్లం తీసేటప్పుడు యురేనియం ఎక్కువగా ఆమ్లంతో పోతది. రేడియం ఎక్కువగా జిప్సంతో మిగులుతది. రేడియం-226 సగం కావాలంటే 1600 ఏండ్లు. అది తరిగేటప్పుడు రేడాన్ అనే వాయువు పుడుతది. గాలి ఆడని గదిలో రేడాన్ పేరుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. ఈ మాట భయపెట్టడానికి చెప్తలేను. దాచిపెట్టేటోళ్లు ఉన్నరు కాబట్టి చెప్తున్న. ఎంత ఉన్నది అనేది రాయి ఏ దేశందో దాన్ని బట్టి మారుతది. అందుకే ఒక్క మాటలో మంచిది అనొద్దు, చెడ్డది అనొద్దు. కొలవాలె.

కొలతకు నియమం ఉన్నది. మన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, 2009లో ఆదేశం ఇచ్చింది. నిర్మాణ సామగ్రికి అమ్మే ఫాస్ఫోజిప్సంలో రేడియం-226 గ్రాముకు 1 బెకరెల్ లోపు ఉండాలె. అమెరికా ఇంకా గట్టిగ ఉన్నది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 1989లో దీన్ని కుప్పల్లోనే పెట్టాలన్నది. 1992లో పొలాలకు మాత్రం గ్రాముకు 0.37 బెకరెల్ లోపు ఉంటే వాడొచ్చన్నది. 2020 అక్టోబర్‌లో రోడ్లకు వాడొచ్చని అనుమతి ఇచ్చి, 2021లో వెనక్కి తీసుకున్నది. అట్లని కుప్పలో పెట్టినంత మాత్రాన భద్రం అనుకోవద్దు. అదే 2021 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని పైనీ పాయింట్ కుప్ప మీది జలాశయం కారింది. చుట్టుపక్కల ఇండ్లు ఖాళీ చేయించి, సుమారు 81 కోట్ల లీటర్ల కలుషిత నీళ్లను సముద్రంలోకి వదిలిండ్రు. ఇంకోదిక్కు జపాన్‌లో సహజ జిప్సం కొరత. వాళ్లు ఎరువుల జిప్సంను శుద్ధి చేసి బోర్డులకు, సిమెంటుకు ఎన్నో ఏండ్లుగ వాడుకుంటున్నరు. అంటే వాడితే తప్పు, కుప్ప పెడితే ఒప్పు అని ఏం లేదు. కడిగి కొలిచి వాడితే సరుకు. కడగక కొలవక వాడితే, కుప్పను ఫ్యాక్టరీ నుంచి లేపి పేదోని ఇంట్ల పోసినట్టే.

ఇటుక వేరు, పలక వేరు

ఇక్కడ ఒక తేడా మన ఇంజనీరు ఉద్యోగులు గట్టిగ పట్టుకోవాలె. ఫాల్-జీ ఇటుకలో జిప్సం నూటికి 5 పాళ్ల దరిదాపు. ఆ జిప్సం గ్రాముకు 1 బెకరెల్ ఉన్నా ఇటుక మొత్తం మీద దాని వాటా 0.05 మాత్రమే. బూడిదలో కూడా కొంచెం రేడియోధార్మికత ఉంటది, దాన్ని కూడా కలిపి చూడాలె. కానీ పలక సంగతి అట్ల కాదు. అది దాదాపు మొత్తం జిప్సమే. నాలుగు గోడలు, పైకప్పు అవే అయితే మనిషి జిప్సం డబ్బాలో పండుకున్నట్టు. అందుకే ఇటుకకు ఒక జాగ్రత్త, పలకకు నాలుగు జాగ్రత్తలు. పలకల ఇంటికి రేడియం పరీక్ష తప్పనిసరి, కిటికీలు గాలి ఆడేటట్టు ఉండాలె, స్నానాల గది, పునాది దగ్గర నీళ్లు తాకకుండ పూత ఉండాలె. జిప్సం నీళ్లలో కొంచెం కరుగుతది, మర్చిపోవద్దు.

ఇగ అసలు లెక్క. ఒక ఇటుక సుమారు 3 కిలోలు. లక్ష ఇటుకలంటే 300 టన్నులు. అందులో బూడిద 60 పాళ్లు వేసుకుంటే 180 టన్నులు. జిప్సం 15 టన్నులు. అంటే ఒక్క లారీ జిప్సం విశాఖ నుంచి వస్తే ఇక్కడ లక్ష ఇటుకలు తయారైతయి. బూడిదను తీరానికి మోసుకపోవుడు కాదు, జిప్సంను బూడిద దగ్గరికి తెచ్చుకోవుడు లాభం. బరువైన సరుకు మన దగ్గర ఉన్నది. ఫ్యాక్టరీ కూడా మన దగ్గరనే ఉండాలె. ఉద్యమంలో మనం చెప్పిన ఆర్థిక శాస్త్రం ఇదే.

బూడిద మన దగ్గర ఎంత ఉన్నదో చెప్పక్కరలేదు. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్లు. 2014 విభజన చట్టంలో తెలంగాణకు రాసిచ్చిన 4000 మెగావాట్లలో మొదటి విడత 1600. దాని తొలి యూనిట్‌ను 2023 అక్టోబర్‌లో జాతికి అంకితం చేసిండ్రు. అవతల పాల్వంచలో కేటీపీఎస్. మన బొగ్గులో నూటికి 30 పాళ్ల పైన బూడిదే. కరెంటు పెరిగిందంటే కుప్ప పెరిగిందనే అర్థం.

చట్టం ఏమంటది? 1999 సెప్టెంబర్ 14న కేంద్రం బూడిద నోటిఫికేషన్ తెచ్చింది. ఎఫ్‌సీఐ మూతపడ్డ ఏడే ఇది. ఒక ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డప్పుడు ఇంకో పరిశ్రమకు తలుపు తెరిచే కాగితం వచ్చింది. మనకు తాళం సంగతి తెలిసింది, కాగితం సంగతి తెలవలేదు. 2009 సవరణలో పొడి బూడిదలో 20 శాతం చిన్న ఇటుకల యూనిట్లకు ఉచితంగా, ముందుగా ఇయ్యాలని రాసిండ్రు. 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ బూడిదను నూటికి నూరు పాళ్లు వాడే బాధ్యత విద్యుత్ కేంద్రం మీదనే పెట్టింది. వాడకపోతే టన్నుకు 1000 రూపాయల పరిహారం అన్నది. కాగితం మీద ఇంత ఉన్నది. మరి మన ఊర్లలో భూమి పోయిన కుటుంబాల పిల్లలు ఎందరు ఇటుకల యూనిట్లకు యజమానులైండ్రు? లారీలు తిప్పేది ఎవరు, టెండర్లు పాడేది ఎవరు? చేతులు లేపమంటే ఈ సభలో ఎన్ని లేస్తయో మీకు తెలుసు.

బట్టీల కూలీ ఏమైతడు?

ఇంకో మాట. పెద్దపల్లి జిల్లాలో ఇటుక బట్టీలు మస్తు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా దిక్కు నుంచి కుటుంబాలు అడ్వాన్సు తీసుకొని వస్తయి. పిల్లల బడి పోతది, ఎండాకాలం అంతా పొగ పక్కన బతుకు. ఆ బట్టీలకు మట్టి కావాలె. 10 లక్షల ఇటుకలకు 3 వేల టన్నుల మట్టి. అది చెరువుదో, పొలందో పైమన్ను. బట్టీ లేని ఇటుక వస్తే మట్టి మిగులుతది, పొగ తగ్గుతది. నిజమే. కానీ వలస కూలీ నోటి కాడి బువ్వ పోవద్దు. కొత్త యూనిట్లలో పని వాళ్లకూ ఇయ్యాలె. అడ్వాన్సు అప్పు కాకుండ కూలీ రేటు, పీఎఫ్, బడి ఉండాలె. వలస బాధ పాలమూరు చూసింది. ముంబైలో, దుబాయిలో మన పిల్లలు పడ్డ బాధ మన గడ్డ మీద ఇంకొకరు పడుతుంటే చూస్తూ ఊరుకుంటే మన ఉద్యమానికి అర్థం లేదు.

పేదోని ఇల్లు ప్రయోగశాల కాదు

2024 మార్చిలో భద్రాచలంలో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలైంది. ఇంటికి 5 లక్షలు. ఆ పైసల్లో ఇల్లు తేలాలంటే పేదోడు చవక ఇటుకనే చూస్తడు. చవక ఇటుకలో ఏమున్నదో ఎవరు చూస్తరు? జిప్సం ఎక్కువైతే గోడ ఉబ్బి పగులుతది. సున్నం తక్కువైతే ఇటుక చేతిలో పొడి అయితది. కడగని జిప్సం వేస్తే మరింత గోస. ఒక్క ఇల్లు పగిలితే ఊరంతా "బూడిద ఇటుక వద్దు" అంటది. మంచి సరుకుకు చెడ్డపేరు వస్తది. కాంట్రాక్టర్ దాటిపోతడు. కాబట్టి నేను నాలుగు డిమాండ్లు మీ ముందు పెడుతున్న.

ఒకటి. ఎరువుల ఫ్యాక్టరీ గేటు దాటే ప్రతి లోడు జిప్సంకు రేడియం, ఫ్లోరైడ్, ఫాస్ఫేటు పరీక్ష కాగితం ఉండాలె. అది తెలుగులో ఉండాలె. కొన్న యూనిట్ గోడకు అంటించాలె.

రెండు. కడిగే ఖర్చు, రవాణాలో వాటా కుప్ప పెంచినోడే పెట్టుకోవాలె. లాభం బ్యాలెన్స్ షీటులో, ఖర్చు జనం మీద అంటే నడవదు.

మూడు. రామగుండం, పాల్వంచ బూడిదలో చిన్న యూనిట్ల వాటా ముందు భూనిర్వాసితులకు, మహిళా సంఘాలకు, దళిత యువకుల సహకార సంఘాలకు ఇయ్యాలె. ఎవరికి ఎంత ఇచ్చిండ్రో నెల నెలా బోర్డు మీద రాయాలె.

నాలుగు. ప్రభుత్వం పైసలు పెట్టే ఇండ్లు, బడులు, అంగన్‌వాడీలకు పరీక్ష చేసిన ఇటుకనే వాడాలె. పలకల ఇండ్లయితే మొదలు సర్కారు ఆఫీసులు కట్టి, ఆఫీసర్లు కూసొని, గదుల్లో రేడాన్ కొలిచి చూపించాలె. తర్వాతనే పేదోని ఇంటికి తేవాలె.

డిమాండ్లు ప్రభుత్వానికి. మరి మనకు పని? విద్యార్థులకు చెప్తున్న. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు పేరు మీద పాత రికార్డు కాపీ కొట్టొద్దు. మీ ఊర్ల ఇల్లు కట్టే జాగకు పోయి ఐదు బూడిద ఇటుకలు తేండ్రి. బాగ ఎండబెట్టి తూకం వేయండ్రి. 24 గంటలు నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూకం వేయండ్రి. ఐఎస్ 12894 ప్రమాణం ప్రకారం పెరిగిన బరువు నూటికి 20 పాళ్లు దాటొద్దు. 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటిందంటే అది గోడకు పనికిరాదు. కాంటా ఉంటే చాలు, ప్రయోగశాల అక్కరలేదు. తర్వాత కాలేజీలో బలం పరీక్ష చేయండ్రి. ఊరు పేరు, యూనిట్ పేరు రాసి గ్రామసభలో చదవండ్రి.

ఉద్యోగులకు చెప్తున్న. సకల జనుల సమ్మెలో 2011లో 42 రోజులు పెన్ను కింద పెట్టినోళ్లు మీరు. ఇప్పుడు ఆ పెన్ను పట్టుకోవాలె. హౌసింగ్, పంచాయతీరాజ్ ఇంజనీర్లు బిల్లు మీద సంతకం పెట్టే ముందు పరీక్ష కాగితం అడగండ్రి. కాలుష్య నియంత్రణ మండలిలో ఉన్నోళ్లు కుప్ప దగ్గరి బావి నీళ్లు పరీక్ష చేసి ఫలితం బయట పెట్టండ్రి. కాగితం లేకపోతే సంతకం లేదు అనండ్రి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది. 10 రూపాయల దరఖాస్తుతో బూడిద ఎవరికి పోయిందో అడగొచ్చు.

మిత్రులారా, కుప్పను చూసి భయపడి దూరం పోవుడు ఒక తప్పు. కుప్పను చూసి బంగారం అని ఎగబడుడు ఇంకో తప్పు. కుప్పను కొలిచి, కడిగి, మన చేతులతో మన పిల్లలకు ఇల్లు చేసుకునుడే తెలివి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నప్పుడు మనం అడిగింది దానం కాదు, లెక్క. బొగ్గు లెక్క అడిగినం. ఇప్పుడు బూడిద లెక్క, జిప్సం లెక్క కూడా అడుగుదాం. లెక్క అడిగే అలవాటు పోతే రాష్ట్రం ఉండి కూడా లేనట్టే.

జై తెలంగాణ!